పేరు పిలిస్తే లేచి నిలబడేదెవరు? రంప ఫితూరి నుంచి బార్ పరీక్ష దాకా

పోస్టు పెద్దదే, రాత్రి మెస్‌లో తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, లా చదివినా లాయర్ అవ్వరంట కదా, మళ్లీ ఇంకో పరీక్ష ఉందంట, అది పోతే చదివిందంతా వేస్టేనా?" అని. నేను బీఏ హిస్టరీ ఫైనల్ ఇయర్. లాసెట్ రాద్దామనుకుంటున్నా కాబట్టి ఆ ప్రశ్న నాకూ సంబంధించిందే. అందుకే ఆ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మొదలుపెట్టా. వెతుక్కుంటూ వెనక్కి పోతే 1879 దగ్గర ఆగా. ఆ ఏడాది మనందరికీ తెలిసిందే. రంప ఫితూరి.

ఫితూరి అనగానే మనం అల్లూరిని తలుచుకుంటాం. ఆయనది 1922. దానికి 43 ఏళ్ల ముందే, 1879 మార్చిలో, మా చోడవరం వైపు మొదలైంది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి నడిపారు. పోలీసు స్టేషన్లు తగలబెట్టారు. అది భద్రాచలం వైపు రేకపల్లికి, గొలుగొండ కొండలకీ పాకింది. కారణాల్లో కల్లు మీద వేసిన చిగురుపన్ను ఉంది, మన్సబుదారు దోపిడీ ఉంది, పోలీసుల వసూళ్లున్నాయి. ఇవి పుస్తకాల్లో చదివే ఉంటారు. ఇంకో కారణం కూడా ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. సివిల్ కోర్టులు.

పల్లపు వ్యాపారి కొండకి వచ్చేవాడు. ఉప్పో, బట్టో అప్పిచ్చి కాగితం రాయించుకునేవాడు. తర్వాత కింద కోర్టులో దావా వేసేవాడు. కోర్టు ఎంత దూరమో, సమను అంటే ఏంటో కొండ మీద మనిషికి తెలీదు. వాయిదా రోజు పేరు పిలుస్తారు. ఎవరూ లేవరు. ప్రతివాది రాలేదు కాబట్టి వ్యాపారి చెప్పిందే నిజమని డిక్రీ ఇచ్చేస్తారు. దాన్నే ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. ఆ కాగితం పట్టుకుని జప్తుకి వచ్చేవాళ్లు. 5 రూపాయల డిక్రీకి 100 రూపాయల విలువైన పశువుల్నీ పంటనీ తోలుకుపోయారని తర్వాత జరిగిన విచారణలో బయటపడింది. ఇది మనవాళ్లు చెప్పుకునే కథ కాదు, ఇంగ్లీషువాడు రాసుకున్న లెక్క. 

ఇది చదువుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు భూమి కేసు వాయిదాకి నన్ను తోడు తీసుకెళ్లాడు. పొద్దున్నే మొదటి బస్సు. మధ్యాహ్నం పేరు పిలిచారు. తాత లేచి నిలబడ్డాడు. మేం డబ్బులిచ్చిన వకీలే వెనక్కి తిరిగి, కూర్చో అని చేత్తో సైగ చేశాడు. రెండు నిమిషాలు ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక "ఏం చెప్పారు తాతా?" అంటే, "వాయిదా ఏశారంట" అన్నాడు. అంతే. సోడా తాగి ఇంటికెళ్లిపోయాం. 1879లో అసలు మనిషే లేడు. మా తాత ఉన్నాడు, లేచాడు కూడా. అయినా ఆ గదిలో మాట్లాడే హక్కు వేరేవాడిది.

ఆ హక్కు ఎవరికి ఇవ్వాలో తేల్చిన చట్టం కూడా 1879లోనే వచ్చింది. లీగల్ ప్రాక్టీషనర్స్ యాక్ట్, ఆ ఏడాది 18వ చట్టం. కొండల్లో ఫితూరి నడుస్తుండగానే, కోర్టులో ఎవరు ప్లీడరు, ఎవరు ముఖ్తారు, వాళ్లకి ఏ పరీక్ష పెట్టాలి, ఎంత ఫీజు తీసుకోవాలి అన్నది హైకోర్టులే నిర్ణయించుకోవచ్చని ఇందులో రాశారు. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. ఒకదాని వల్ల ఇంకోటి రాలేదు. కానీ రెండూ ఒకే ఏడాది జరిగాయన్న సంగతి నాకు చాలా రోజులు బుర్రలో తిరిగింది.

అంతకు ముందు ఎలా ఉండేదంటే, 1793లో కారన్‌వాలిస్ కాలంలో బెంగాల్‌లో వకీళ్లకి సన్నదు ఇచ్చే పద్ధతి పెట్టారు. సన్నదు అంటే అనుమతి పత్రం. దాన్ని హిందువులకీ ముస్లింలకీ మాత్రమే ఇచ్చేవారు. కలకత్తా మదరసాలోనూ, కాశీ సంస్కృత కాలేజీలోనూ చదివినవాళ్లని ముందు చూసేవారు. (మరి మనం ఏ లెక్కలోకి వస్తామో ఆ రెగ్యులేషన్ రాసినవాళ్లకి ఆలోచన కూడా వచ్చుండదు.) మతం, దేశం అడ్డు లేకుండా ఎవరైనా ప్లీడరు కావచ్చని 1846 చట్టం చెప్పింది. అయితే పెద్ద కోర్టుల్లో పెద్ద మాట మాత్రం ఇంగ్లాండ్‌లో చదివొచ్చిన బారిస్టర్లదే.

పరీక్ష పెట్టడం వల్ల మంచి జరగలేదా అంటే జరిగింది. అది దాచకూడదు. తంజావూరు వైపు ఒక పేద కుర్రాడు, తండ్రి లేడు, ఊరి కరణం దగ్గర నెలకి ఒక్క రూపాయి జీతానికి పనిచేశాడు. ప్లీడరు పరీక్ష పాసై, మెట్టు మెట్టూ ఎక్కి మద్రాసు హైకోర్టులో మొట్టమొదటి భారతీయ జడ్జి అయ్యాడు. ఆయనే టి. ముత్తుస్వామి అయ్యర్. వీధి దీపం కింద చదివాడని చెప్పే కథ ఆయన గురించే. రంప ఫితూరి నాటికే ఆయన ఆ కుర్చీలో ఉన్నాడు. అంటే డబ్బులేనివాడికి పరీక్ష దారి తీసింది. కానీ పరీక్ష దాకా రావడానికి ముందు అక్షరం రావాలి కదా. అది ఆయన ఇంట్లో తరాలుగా ఉంది. మన కొండల్లో అప్పటికి బడి ఎక్కడుంది?

నేను ఉండే హాస్టల్ రాజమండ్రిలో. ఇక్కడ అందరూ చెప్పుకునే ప్లీడరు టంగుటూరి ప్రకాశం. ఆయనా చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నవాడే, ఒంగోల్లో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించింది. సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష పాసై ఈ ఊళ్లో ప్రాక్టీసు పెట్టి బాగా సంపాదించాడు. మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యాడు. కానీ సెకండ్ గ్రేడ్ అంటే కింద కోర్టులే, హైకోర్టులో నోరు విప్పడానికి లేదు. ఎంత వాదించగలిగినా గ్రేడు అడ్డం. అందుకే ఇల్లు, ప్రాక్టీసు అన్నీ వదిలి 1904లో ఇంగ్లాండ్ వెళ్లి బారిస్టరై వచ్చి, 1907లో మద్రాసు హైకోర్టులో అడుగుపెట్టాడు. ఒకే చట్టం, ఒకే మనిషి. కాగితం మారితే తలుపు తెరుచుకుంది. అప్పట్లో లైసెన్సులు ఒకటి కాదు, మెట్లు మెట్లుగా ఉండేవి.

ఇక అసలు పరీక్ష పాసైనా పనికిరాకపోవడం అంటే ఏంటో కార్నీలియా సొరాబ్జీని చూస్తే తెలుస్తుంది. ఆమె 1866లో నాసిక్‌లో పుట్టింది. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం పరీక్ష రాసింది. ఆడమనిషి అని అక్కడ బారిస్టరు కానివ్వలేదు. ఇండియాకి తిరిగొచ్చి 1897లో బొంబాయి ఎల్‌ఎల్‌బీ పరీక్ష రాసింది. 1899లో అలహాబాద్ హైకోర్టు వాళ్ల ప్లీడరు పరీక్ష రాసింది. అయినా వకీలుగా తీసుకోలేదు. మూడు పరీక్షలు! మార్కుల సమస్యే కాదు అక్కడ. ఆమె ఏళ్ల తరబడి పరదాలో ఉండే స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఉద్యోగం చేసింది. అలహాబాద్‌లో చివరికి 1921లో నమోదు చేసుకున్నారు. అప్పటికి ఆమెకి 54 ఏళ్లు.

మధ్యలో 1916లో కలకత్తాలో రెజీనా గుహ అనే ఆమె బీఎల్ పాసై ప్లీడరుగా దరఖాస్తు పెట్టుకుంది. 1879 చట్టంలో అర్హత ఉన్న "పర్సన్" ఎవరైనా అని ఉంది కదా అంది. అంటే వ్యక్తి. ఐదుగురు జడ్జీలు కూర్చుని, ఆ వ్యక్తి అనే మాటలో ఆడవాళ్లు రారు అని తీర్పిచ్చారు. 1921లో పట్నాలో సుధాంశుబాల హాజ్రాకీ అదే జవాబు. 1923లో ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ ఆ ఒక్క మాట అర్థం మారలేదు.

ఈ "వ్యక్తి" అన్న మాటని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

మన ఏజెన్సీలో అప్పుడు ఏం జరుగుతోందంటే, పరీక్ష పాసైన వకీలు వచ్చే కోర్టులు కాకుండా ఆఫీసరే జడ్జిగా ఉండే పద్ధతి పెట్టారు. గంజాం, విశాఖ కొండలకి 1839లోనే ఇది వచ్చింది. గుంసూరు తిరుగుబాటు తర్వాత మామూలు కోర్టుల్ని తీసేసి కలెక్టర్‌నే ఏజెంటు చేశారు. రంప ప్రాంతాన్ని ఫితూరి తర్వాతే అలాంటి ప్రత్యేక పాలన కిందికి తెచ్చారు. ఎక్స్‌పార్టీ డిక్రీల బాధ కొంత తగ్గి ఉండొచ్చు, మేలే. కానీ దాంతోపాటు ఇంకోటి కూడా జరిగిందని నా అభిప్రాయం. కోర్టు భాష, కోర్టు పని మన ఇళ్లలోకి రాలేదు. కింద జిల్లాల్లో మూడు తరాల వకీళ్లున్న కుటుంబాలు తయారయ్యాయి. మనకి మాత్రం ఫలానా ఆఫీసరు మంచోడు, ఫలానా ఆఫీసరు చెడ్డోడు అన్న జ్ఞాపకాలే మిగిలాయి. దీన్ని ఎవరైనా కాదంటే చెప్పండి, మాట్లాడుకుందాం.

చట్టాలు మాత్రం కొన్ని మన కోసం వచ్చాయి. 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం, 1959లో ఒకటో రెగ్యులేషన్, 1963లో దాన్ని తెలంగాణకి వర్తింపజేయడం, 1970లో సవరణ. మనం 1/70 అంటాం. గిరిజనేతరులు దాన్ని కొట్టేయమని సుప్రీం దాకా వెళ్తే 1988లో నిలబడింది. తర్వాత అనంతగిరి మండలం బొర్రా వైపు గనుల లీజుల మీద సమత సంస్థ పోరాడింది. 1997 జూలైలో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతర కంపెనీలకి లీజుకివ్వకూడదు అన్నారు. ఎలా అన్నారంటే, 1/70లో గిరిజనేతర "వ్యక్తి"కి బదలాయించకూడదు, "వ్యక్తి" కూడా బదలాయించకూడదు అని ఉంది. ఆ వ్యక్తి అనే మాటలో ప్రభుత్వం కూడా వస్తుంది అని తేల్చారు. 1916లో ఒక మాట చదివిన తీరు వల్ల సగం జనం బయట ఉండిపోయారు. 1997లో అదే మాట చదివిన తీరు వల్ల కొండలు నిలిచాయి. మాటలు చదవడమే లాయరు పని అని నాకు అప్పుడు అర్థమైంది.

2020 ఏప్రిల్ 22 కూడా మర్చిపోలేం. ఏజెన్సీ టీచర్ పోస్టులు వంద శాతం మనకే ఇచ్చిన జీవో 3ని ఐదుగురు జడ్జీల బెంచ్ కొట్టేసింది. లాక్‌డౌన్ టైమ్. మా ఊళ్లో డీఎడ్ చేసి ఎదురుచూస్తున్న అక్క ఫోన్ పట్టుకుని అలా కూర్చుండిపోయింది. ఆ తీర్పు తెలుగులో ఎవరైనా వివరిస్తారా అని నేను రెండు రోజులు వెతికా. మన తరఫున వాదించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లని నేను తక్కువ చేయట్లేదు. కానీ తీర్పు వచ్చిన సాయంత్రం ఊళ్లో అరుగు మీద కూర్చుని "ఇదిగో ఇక్కడ ఇలా రాశారు, మనం ఇలా చేయొచ్చు" అని చెప్పే మన మనిషి ఎంతమంది ఊళ్లలో ఉన్నారు?

సరే, తమ్ముడు అడిగిన పరీక్షకి వద్దాం. ఈ భాగం త్వరగా చెప్తా. 1961లో అడ్వకేట్స్ యాక్ట్ వచ్చింది. ప్లీడరు, ముఖ్తారు, ఫస్ట్ గ్రేడు, సెకండ్ గ్రేడు అన్నీ పోయి అందరూ అడ్వకేట్లే అయ్యారు. ప్రకాశానికి వచ్చిన సమస్య ఇక ఎవరికీ రాదు. ఆ చట్టంలో మొదట డిగ్రీ తర్వాత శిక్షణ, పరీక్ష ఉండేవి. 1973 సవరణతో తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మళ్లీ ఏడాది శిక్షణ పెట్టబోతే, ఆ అధికారం మీకు లేదని 1999లో సుధీర్ కేసులో సుప్రీం కొట్టేసింది. 2010లో ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ ప్రకటించారు. మొదటి పరీక్ష 2011 మార్చి 6న జరిగింది. 2009-10 నుంచి లా పూర్తి చేసినవాళ్లందరికీ తప్పనిసరి. దీని మీదా కేసులు పడ్డాయి. 2023 ఫిబ్రవరి 10న ఐదుగురు జడ్జీల బెంచ్ పరీక్ష చెల్లుతుందని, సుధీర్ తీర్పు సరికాదని చెప్పింది.

ఇక్కడ చిన్న మాట. 1970ల మధ్య నుంచి 2010 దాకా లాయర్లైనవాళ్లు ఏ బార్ పరీక్షా రాయలేదు. కాబట్టి కోటు వేసుకున్న పెద్దాయన ఎవరైనా "అదేం పెద్ద పరీక్ష కాదులే" అన్నా, "మీవాళ్లకి కష్టం" అన్నా, ఆయన రాశాడో లేదో ముందు కనుక్కోండి.

నా దృష్టిలో పరీక్ష కన్నా పెద్ద అడ్డం ఫీజు. చట్టంలో నమోదు ఫీజు జనరల్ వాళ్లకి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125 అని స్పష్టంగా ఉంది. కానీ రాష్ట్ర బార్ కౌన్సిళ్లు ఆ ఫండు, ఈ ఫండు, ఐడీ కార్డు, ఫారం అని వేలకి వేలు తీసుకునేవి. సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ప్రకారం ఒడిశాలో అది 42,100 రూపాయలు. పోడు చేసుకునే ఇంట్లో అంత డబ్బు ఎప్పుడైనా ఒకేసారి చూశామా? 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో తీర్పు వచ్చింది. చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకోకూడదు, అది సమానత్వానికీ వృత్తి చేసుకునే హక్కుకీ విరుద్ధం అన్నారు. పాతవాళ్లు కట్టింది మాత్రం తిరిగి రాదు. కాబట్టి అన్నలూ అక్కలూ, ఇప్పుడు ఎన్‌రోల్‌మెంట్‌కి వెళ్తే 125 అన్న అంకె నోట్లో ఉంచుకుని వెళ్లండి. స్టాంపు ఖర్చు వేరే ఉంటుంది. అయితే బార్ పరీక్ష ఫీజు దీంట్లోకి రాదు. ఈమధ్య జరిగిన పరీక్షలకి మనకి 2,500, మిగతావాళ్లకి 3,500. నమోదుకి 125, పరీక్షకి 2,500! దీని గురించి మనం అడగాలి.

పరీక్ష ఎలా ఉంటుందో మా సీనియర్ అక్క చెప్పింది రాస్తున్నా. ఎల్‌ఎల్‌బీ పాసయ్యాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. తర్వాత రెండేళ్ల లోపు ఈ పరీక్ష పాసై సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ తెచ్చుకోవాలి. 100 ప్రశ్నలు, మూడు గంటలు. అన్నీ టిక్కు పెట్టేవే, తప్పుకి మార్కు కోసెయ్యరు. జనరల్ వాళ్లకి 45, ఎస్సీ ఎస్టీలకి 40 శాతం రావాలి. ఎన్నిసార్లైనా రాయొచ్చు. మొదట్లో పుస్తకాలు చూసి రాసే పరీక్షే. 2021 నుంచి నోట్సు లేని బేర్ యాక్టులు మాత్రమే తీసుకెళ్లనిస్తున్నారు. 19 సబ్జెక్టులున్నా రాజ్యాంగం, సివిల్ ప్రొసీజరు, క్రిమినల్ ప్రొసీజరు పదేసి, శిక్షా చట్టం, సాక్ష్య చట్టం ఎనిమిదేసి. ఈ ఐదే 46 మార్కులు. లెక్క మీరే చూసుకోండి.

అక్క మొదటిసారి ఫెయిలైంది. తెలివి లేక కాదు. ఇంట్లో కోయ, బళ్లో తెలుగు, లా కాలేజీలో ఇంగ్లీషు. తెలుగులో రాద్దామని తెలుగు పేపరు పెట్టుకుంటే, అందులో తెలుగు అర్థం కావడానికి మనసులో మళ్లీ ఇంగ్లీషులోకి మార్చుకోవాల్సి వచ్చిందంట. టైము అక్కడే పోయింది. రెండోది, బేర్ యాక్టులో ఏ సెక్షను ఎక్కడుందో చేతికి అలవాటు కాలేదు. రెండోసారి ఇంగ్లీషు పేపరు పెట్టుకుంది. నాలుగు నెలలు రోజూ పడుకునే ముందు ఒక సబ్జెక్టు విషయసూచిక పైకి చదివేది. మేం నవ్వేవాళ్లం, మంత్రాలు చదువుతున్నావా అక్కా అని. పాసైంది. ఇప్పుడు ఏజెన్సీ భూమి కేసులు చూసే ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉంది. జీతం అడగకండి, బస్సు చార్జీలకి సరిపోతుందంతే. పరీక్ష తర్వాత వచ్చే ఈ మొదటి మూడేళ్ల సంగతి వేరే పోస్టు రాస్తా, అది కూడా చిన్నది కాదు.

పోయిన నెల మా తాత కేసు వాయిదాకి అక్కే వచ్చింది. పేరు పిలిచారు. తాత అలవాటుగా లేచాడు. అక్క ఆయన్ని కూర్చోమనలేదు, పక్కన నిలబెట్టుకునే మాట్లాడింది. ఆ రోజు కూడా వాయిదానే పడింది. కానీ ఎందుకు పడిందో బస్టాండులో తాతకి కోయలో కాదు, మా కొండరెడ్ల తెలుగులోనే చెప్పింది. అవతలివాళ్లు ఏ కాగితం ఇవ్వలేదు, వచ్చేసారి మనం ఏం తీసుకురావాలి, అన్నీ.

తమ్ముడూ, ఇంకొక్క విషయం. హాస్టల్ లైబ్రరీలో ఉన్న గైడ్లన్నీ పాత ఐపీసీవి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి, పరీక్షలో ఇప్పుడు అవే. పాత గైడు పట్టుకుని సెక్షన్లు బట్టీ పట్టొద్దు. అక్క తన కొత్త బేర్ యాక్టులు ఒక సెట్టు నా దగ్గర పెట్టింది. ఫైనల్ ఇయర్ లా వాళ్లు ఎవరికైనా కావాలంటే కింద పేరు రాయండి, రాజమండ్రి వచ్చినప్పుడు ఇస్తా. పెన్నుతో మాత్రం ఏమీ రాయకండి, రాస్తే హాల్లోకి రానివ్వరు.